ఒక ఛానెల్ మూగబోయాక: బర్డ్స్, బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ సీడీలతో ఇరవయ్యేళ్ళు

అరవైల నాటి అమెరికన్ ఫోక్-రాక్ బ్యాండ్ బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ తొలి ఆల్బమ్‌ను 1997లో మళ్ళీ సీడీగా తెచ్చినప్పుడు ఒకే డిస్కులో దాన్ని రెండుసార్లు పెట్టారు. ముందు శబ్దమంతా ఒకటిగా కలిపిన మోనో మిక్స్, దాని వెనుక గొంతులనూ వాయిద్యాలనూ రెండు స్పీకర్లకు పంచిన స్టీరియో మిక్స్. నేను ఆ డిస్కును 2002లో కొన్నాను. అప్పటి నుంచి 2019 వానాకాలం వరకు, అంటే పదిహేడేళ్ళ పాటు, డిస్కు పెట్టిన ప్రతిసారీ ముందున్న మోనో పాటలన్నీ దాటించి తిన్నగా స్టీరియో భాగానికి వెళ్ళిపోయేవాణ్ణి. ఒకే పాట రెండు రకాలుగా దొరికినప్పుడు, ఇంట్లో రెండు స్పీకర్లు పెట్టుకున్నవాడు ఒంటి స్పీకరు కాలం నాటి మిక్స్ ఎందుకు వినాలన్నది అప్పటి నా ఆలోచన. అలా దాటించిన ఆ మొదటి సగమే నా అలమారలో ఉన్న అరవైల నాటి అమెరికన్ ఫోక్-రాక్ డిస్కులన్నిటిలోకీ నాకు ప్రియమైనదని ఇవాళ చెప్పవలసి వస్తోంది. ఈ సమీక్ష రాస్తున్నది ఆ మాట కోసమే. బ్యాండ్ల చరిత్ర, పాటల జాబితాలు, ఏ పాట ఎన్నో స్థానం దాకా వెళ్ళిందన్న లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పెద్దగా పోను.

రెండో పక్షం అదే కాలపు మరో ఫోక్-రాక్ బ్యాండ్ బర్డ్స్. వాళ్ళ మొదటి నాలుగు ఆల్బమ్‌లు 1996లో అదనపు పాటలతో కొత్త సీడీలుగా వచ్చాయి. ఆ నాలుగూ, బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఒకటీ, మొత్తం ఐదు డిస్కులు హాలీవుడ్‌లో సన్‌సెట్ బులెవార్డ్ మీద అప్పటికి కొత్తగా తెరిచిన అమీబా రికార్డుల దుకాణంలో, వాడిన సీడీల వరసలో, ఒకే శనివారం దొరికాయి. నేనప్పుడు లాస్ ఏంజెలెస్ పక్కన ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తుండేవాణ్ణి. దుకాణం నుంచి బయటికి వచ్చి అదే వీధిలో కాస్త దూరం నడిస్తే కొలంబియా వారి పాత భవనం కనిపించేది. బర్డ్స్ తమ తొలి రికార్డులు చేసింది అక్కడే. అదే వీధిలో పడమటి వైపు వెళితే బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ 1966 వేసవిలో వారాల తరబడి వాయించిన విస్కీ ఎ గోగో క్లబ్బు ఉంది. ఆ క్లబ్బులో వాళ్ళకు చోటు ఇప్పించింది బర్డ్స్‌లో బేస్ వాయించే క్రిస్ హిల్‌మన్. అంతకు ముందు ఏప్రిల్‌లో, బ్యాండ్ పుట్టి నెల తిరగకముందే, బర్డ్స్ కచేరీలకు ముందు వాయించే అవకాశం కూడా వాళ్ళకు దొరికింది. మరుసటి ఏడాది మాంటెరే సంగీత ఉత్సవంలో తమ గిటారిస్టు నీల్ యంగ్ లేని లోటు తీర్చడానికి బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్‌తో వేదిక ఎక్కింది బర్డ్స్ మనిషి డేవిడ్ క్రాస్బీ. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి వినడం నా కల్పన కాదు, ఆ వీధిలోనే వాళ్ళు పక్కపక్కన ఉన్నారు.

మొదటి పదేళ్ళు నేను బర్డ్స్ పక్షమే. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ 1996 నాటి ఆ నాలుగు డిస్కులే కొనమని చెప్పేవాణ్ణి. దానికి కారణం బర్డ్స్ గిటారిస్టు రోజర్ మెగ్విన్ వాయించిన, రికెన్‌బాకర్ కంపెనీ 12 తంత్రుల గిటారు. మామూలు 12 తంత్రుల గిటారులో కింద జతల్లో ఒక తీగ అసలు స్థాయిలో, దాని పక్కది పై స్థాయిలో ఉంటుంది. చెయ్యి కిందికి దించేటప్పుడు ముందుగా పై స్థాయి తీగ మోగుతుంది. రికెన్‌బాకర్‌లో ఆ వరసను తిరగేశారు. అసలు స్థాయి తీగ ముందు, పై స్థాయి తీగ దాని వెంట. అందువల్ల స్వరం ముందు నిలబడి, వెనుక నుంచి వెలుగు పడినట్టుగా వినిపిస్తుంది. దానికి తోడు కొలంబియా స్టూడియోలో ఇంజనీరు రే గెర్‌హార్ట్ ఆ గిటారును శబ్దంలోని హెచ్చుతగ్గులను సర్దే కంప్రెసర్ గుండా పంపించాడు. మీటిన వెంటనే పైకి లేచే దెబ్బ తగ్గి, ఆ తరువాత సన్నగిల్లే మోత పైకి వస్తుంది. తీగ మోగి ఆరిపోయే లోపు పక్క తీగ అందుకుంటుంది. తంబూరా వింటూ పెరిగిన మన చెవికి ఈ ఎడతెగని మోత పరాయిదిగా అనిపించదు. ‘ఎయిట్ మైల్స్ హై’ పాట వచ్చేసరికి మెగ్విన్ జాజ్ శాక్సొఫోన్ విద్వాంసుడు జాన్ కోల్‌ట్రేన్ ‘ఇండియా’ నుంచి నాలుగు స్వరాల పలుకొకటి తీసుకుని దాని చుట్టూ తన గిటారు అల్లాడు. 1965 చివరి పర్యటనలో బస్సులో వాళ్ళు వింటూ తిరిగినవి కోల్‌ట్రేన్, రవిశంకర్ టేపులే.

1996 డిస్కుల్లో ఈ గిటారు చక్కగా విడిపడి వినిపిస్తుంది. దానికి కారణం ఉంది. పునర్ముద్రణ పని చూసిన బాబ్ ఇర్విన్ చెప్పినదాని ప్రకారం, ఆ నాలుగు ఆల్బమ్‌ల మాస్టర్ టేపులు ఏళ్ళ తరబడి నకళ్ళకు వాడి వాడి అరిగిపోయాయి. దొరుకుతున్నవి అసలుకు రెండు మూడు తరాల తరువాతి నకళ్ళు. అందుకని విడివిడి ట్రాకులున్న తొలి టేపులకు వెళ్ళి చాలా పాటలను కొత్తగా మిక్స్ చేశారు. గొంతులు మధ్యలోకి, వాయిద్యాలు చెరో పక్కకీ వచ్చి, తెరలు తొలగించినట్టు ఉంటుంది. మెగ్విన్, బ్యాండ్‌లోని మరో గాయకుడు జీన్ క్లార్క్ ఒకే స్వరం మీద పాడుతుండగా పైన క్రాస్బీ గొంతు ఎలా తిరుగుతుందో నాకు తెలిసింది ఈ డిస్కుల వల్లే. ఈ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. అదనపు పాటల గురించి మాత్రం అప్పుడు అన్నంత గట్టిగా ఇప్పుడు అనలేను. వాటిలో ‘షి డోంట్ కేర్ అబౌట్ టైమ్’ వంటి ఒకటి రెండు తప్ప తక్కినవి ఏడాదికోసారి వినేవే. ‘ఫిఫ్త్ డైమెన్షన్’ డిస్కు చివర్లో అట్ట మీద చెప్పకుండా దాచిన ఇంటర్వ్యూ ఒకటుంది. మొదటిసారి అది దొరికినప్పుడు నిధి దొరికినంత సంతోషించాను. రాత్రిపూట డిస్కు చివరిదాకా వినే అలవాటున్నవాడికి పాటలు ముగిశాక హఠాత్తుగా మాటలు మొదలవడం ఎప్పటికీ అలవాటు కాదు.

ఇక అప్పట్లో బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ డిస్కు గురించి నా అభిప్రాయం ఏమిటంటే, పాటలు గొప్పవి, శబ్దం పలచన. బ్యాండ్‌లోని ఇద్దరు గిటారిస్టుల్లో స్టీఫెన్ స్టిల్స్ రాసినవి ఏడు, నీల్ యంగ్ రాసినవి ఐదు, ఇద్దరూ ఇరవయ్యొకటో ఏట ఉన్నారు. అటువంటి పన్నెండు పాటలు ఒక కొత్త బ్యాండ్ తొలి ప్రయత్నంలో రావడం అపురూపం. కానీ స్టీరియోలో డ్రమ్ములకు బలం లేదు, గిటార్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు, గదిలో మధ్యన ఏదో ఖాళీ. ఇది నా ఒక్కడి మాట కాదు. తమ క్లబ్బు కచేరీల్లో ఉన్న ఊపు రికార్డులోకి రాలేదని బ్యాండే బాధపడి మళ్ళీ రికార్డు చేయనివ్వమని అడిగింది. క్రిస్మస్ అమ్మకాలు తప్పిపోతాయని రికార్డు కంపెనీ ఒప్పుకోలేదు. మోనో మిక్స్ తాము దగ్గరుండి చేసుకున్నదనీ, స్టీరియో మిక్స్ తమ మేనేజర్లు, నిర్మాతలు అయిన గ్రీన్, స్టోన్ చేసినదనీ, మోనోదే పైచేయి అనీ యంగ్, స్టిల్స్ తరువాత కూడా చెబుతూ వచ్చారు. ఈ సంగతి నేను చదివాను. చదివి కూడా మోనో పాటలు దాటిస్తూనే ఉన్నాను. ఎవరైనా పాతకాలం గుర్తుకొచ్చి అలా అంటారులే అనుకున్నాను. అది నా తప్పు.

2019 ఆగస్టులో నా యాంప్లిఫయర్ కుడి ఛానెల్ పోయింది. అప్పటికి విశాఖపట్నం తిరిగి వచ్చి పదేళ్ళు దాటింది, మా ఇల్లు పెద వాల్తేరులో, సముద్రానికి దగ్గర. మొదట్లో ధ్వని తగ్గించి పెట్టినప్పుడే కుడి పక్క మూగబోయేది. ధ్వని పెంచితే చిటుక్కుమని మళ్ళీ వచ్చేది. కొన్నాళ్ళకు పెంచినా రావడం మానేసింది. వెంటనే బాగు చేయించే పరిస్థితి కాదు. నాన్నగారికి శస్త్రచికిత్స జరిగి పక్క గదిలో పడుకుని ఉన్నారు. పగలు ఆసుపత్రి చుట్టూ తిరగడం, రాత్రి ఆయన పిలిస్తే వినబడేంత దూరంలో కూర్చోవడం. ఆ రాత్రుళ్ళు నాకు మిగిలిన ఓదార్పు పాట ఒక్కటే, అదీ ఎడమ స్పీకరు నుంచి, గది దాటి పోనంత నెమ్మదిగా.

స్టీరియో మిక్స్ అంటే ఏమిటో, ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఒక స్పీకరు పోయాకనే తెలుస్తుంది. బర్డ్స్ డిస్కు పెడితే మధ్యలో ఉన్న గొంతులు నిలబడ్డాయి, ఆ పక్కకు పెట్టిన వాయిద్యాలన్నీ మాయమయ్యాయి. కొన్ని పాటల్లో గిటారు ఎక్కడో వరండాలో మోగుతున్నట్టు దాని ప్రతిధ్వని మాత్రమే మిగిలింది. అయినా గొంతుల వల్ల పాట పాటలాగే ఉంది, కాళ్ళు విరిగిన మంచం మీద పడుకోవడం లాంటి ఇబ్బంది తప్ప. బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ స్టీరియో భాగం పెడితే అదీ లేదు. ఆ బ్యాండ్ ప్రాణమంతా ఒక గిటారు ప్రశ్న వేస్తే మరో గిటారు జవాబు చెప్పడంలో ఉంది. నాకు జవాబులు లేని ప్రశ్నలు మిగిలాయి. రెండు రాత్రుళ్ళు విని ఆ డిస్కు తీసి పక్కన పెట్టేశాను.

సెప్టెంబరులో ఒక రాత్రి నాన్నగారికి మందు ఇచ్చి వచ్చి, అలసటలో ఆ డిస్కే మళ్ళీ పెట్టి, దాటించడం మరచిపోయి కుర్చీలో కూలబడ్డాను. మొదటి పాట ‘గో అండ్ సే గుడ్‌బై’ మొదలైంది. రెండు గిటార్లూ ఉన్నాయి. బేస్ ఉంది. డ్రమ్ములు ఉన్నాయి, అవి కూడా గట్టిగా, పాట వీపు మీద చెయ్యి వేసి తోస్తున్నట్టు ఉన్నాయి. కుడి ఛానెల్ తనంతట తాను బాగుపడిందేమోనని లేచి వెళ్ళి కుడి స్పీకరు బట్ట మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా, కదలిక లేకుండా ఉంది. మోనోలో రెండు ఛానెళ్ళలోనూ వెళ్ళేది ఒకే పాట కాబట్టి ఒకటి పోయినా నష్టం లేదన్న చిన్న సంగతి అర్థమవడానికి నాకు ఇంకో అర నిమిషం పట్టింది. కానీ నన్ను కట్టిపడేసింది ఆ సంగతి కాదు. పదిహేడేళ్ళుగా నాకు తెలుసనుకున్న పాట అది కాదు. ఈ గిటార్లు పక్కపక్కన నిలబడి లేవు, ఒకదాని మీద ఒకటి పేనుకుని ఉన్నాయి. బ్యాండ్ గాయకుడు రిచీ ఫ్యూరే గొంతు వాటి ముందు వేరుగా అతికించినట్టు కాక, వాటి మధ్య నుంచి దారి చేసుకుని వస్తోంది.

నాలుగైదు పాటలయ్యాక పక్క గదిలోంచి నాన్నగారు పిలిచారు. నొప్పి ఏమోనని పరుగెత్తాను. “ఇవాళ పాట నిండుగా వినపడుతోందిరా. రేడియో పెట్టావా?” అని అడిగారు. ఆయనకు ఇంగ్లీషు పాటలంటే ఏనాడూ పట్టింపు లేదు, ఆ బ్యాండ్ పేరు కూడా తెలియదు. అయినా ఆయన అన్నది అక్షరాలా నిజం. 1966లో అమెరికాలో కుర్రవాళ్ళు పాట విన్నది ఏఎమ్ రేడియోలో, చిన్న రికార్డు ప్లేయర్ల మీద. ఒకే స్పీకరు గుండా, కారు చప్పుడులోనూ, పక్క గదిలోనూ నిలబడేలా పాటను బిగించడమే అప్పటి మోనో మిక్స్ పని. తలుపు అవతల మంచం మీద పడుకున్న మనిషికి అది చేరింది. అంతవరకూ ఎడమ స్పీకరు నుంచి నేను వింటున్న స్టీరియో ఆయన దాకా పాటగా చేరలేదు.

ఆ తరువాతి రెండు నెలలూ రోజూ ఆ పన్నెండు పాటలే. ‘నౌఅడేస్ క్లాన్సీ కాంట్ ఈవెన్ సింగ్’ నడక మారే చోట స్టీరియోలో అతుకు కనిపించేది, మోనోలో ఊపిరి తీసుకున్నట్టు ఉంది. ‘బర్న్‌డ్’లో యంగ్ గొంతు వణుకు వాయిద్యాల వేడిలో కలిసిపోయి, లోపం అనిపించడం మానేసింది. ‘బేబీ డోంట్ స్కోల్డ్ మీ’ అన్న పాటకైతే ఈ డిస్కులో మోనో రూపం ఒక్కటే ఉంది. 1967 మార్చిలో ఆల్బమ్‌ను మళ్ళీ అచ్చు వేసినప్పుడు దాన్ని తీసేసి, అప్పటికి రేడియోలో మారుమోగుతున్న ‘ఫర్ వాట్ ఇట్స్ వర్త్’ను పెట్టారు. స్టీరియో భాగం ఆ రెండో అచ్చును అనుసరించింది, మోనో భాగం మొదటి అచ్చును. అందువల్ల లోకమంతా ఎరిగిన ఆ ఒక్క పాట మాత్రం నా డిస్కులో మోనోలో లేదు. సన్‌సెట్ వీధిలో 1966 నవంబరులో కుర్రవాళ్ళకూ పోలీసులకూ జరిగిన గొడవ చూసి స్టిల్స్ రాసిన పాట అది. డిసెంబరు 5న రికార్డు చేశారు, అదీ బర్డ్స్ వాడే కొలంబియా స్టూడియోలోనే. పాట మొదట్లో గంట కొట్టినట్టు రెండే స్వరాలు మోగే యంగ్ గిటారు లేకపోతే ఆ పాట లేదు. ఆ మూడు నెలల్లో ఆ పాట వైపు వెళ్ళలేదు.

అక్టోబరు చివర్లో నాన్నగారు లేచి తిరగడం మొదలుపెట్టాక యాంప్లిఫయర్‌ను ఆటోలో వేసుకుని డాబాగార్డెన్స్ దగ్గర ఒక చిన్న రిపేరు దుకాణానికి తీసుకెళ్ళాను. అక్కడి పెద్దాయన రేడియోల కాలం నుంచి ఆ పనిలో ఉన్నవాడు. మూత విప్పి, నా బొటనవేలంత ప్లాస్టిక్ డబ్బీ ఒకటి చూపించి, “మిషన్‌కేమీ కాలేదు బాబూ. ఇదిగో, ఈ రిలే కాంటాక్టులు నల్లబడిపోయాయి. సముద్రం పక్కనుంటే ఇంతే” అన్నాడు. స్విచ్ వేసిన కొన్ని క్షణాలకు స్పీకర్లను కలిపే భాగం అది. రెండు లోహపు ముఖాలు ఒకదాన్నొకటి తాకాలి, ఉప్పుగాలికి వాటి మీద మసి లాంటి పొర కట్టింది. ధ్వని పెంచితే ఆ పొరను చీల్చుకుని పాట వచ్చేది, తగ్గిస్తే ఆగిపోయేది. కొత్తది తెప్పించి వేసి 450 రూపాయలు తీసుకున్నాడు.

ఇంటికి తెచ్చి బర్డ్స్ పెట్టాను. కుడి పక్క వచ్చింది, కానీ పూర్తిగా రాలేదు. రికెన్‌బాకర్ మోతలో పైన ఉండే ఆ వెండి గీత లేదు. వారం చూసి, పని సరిగా చేయలేదన్న కోపంతో తిరిగి తీసుకెళ్ళాను. పెద్దాయన ఏమీ అనకుండా దుకాణంలోని స్పీకర్లకు కలిపి నా డిస్కే పెట్టి, మీటరు పెట్టి రెండు పక్కలా చూసి, “రెండూ సమానంగానే ఉన్నాయి బాబూ” అన్నాడు. నాకు వినిపించడం లేదన్నాను. ఆయన కాసేపు నా వైపు చూసి, “ఓసారి కుర్చీ అటు తిప్పి, గోడ వైపు మొహం పెట్టి కూర్చోండి” అన్నాడు. కూర్చున్నాను. ఇప్పుడు ఎడమ స్పీకరు నా కుడి చేతి వైపు ఉంది. బలహీనంగా వినిపిస్తున్నది మళ్ళీ కుడి పక్కే. వెనక్కి తిరిగేసరికి ఆయన డిస్కును జాగ్రత్తగా డబ్బాలో పెడుతున్నాడు, నా మొహం చూడకుండా. “ఒకసారి చెవి డాక్టరు గారికి చూపించుకోండి” అన్నాడు. రెండోసారి డబ్బులు తీసుకోలేదు.

వినికిడి పరీక్ష కాగితం మీద ఎడమ చెవి గీత ఇంచుమించు తిన్నగా ఉంది. కుడి చెవి గీత 3000 హెర్ట్జ్ దాకా బాగానే వచ్చి అక్కడి నుంచి మెట్లు దిగినట్టు దిగిపోయింది. పన్నెండు తంత్రుల గిటారు మెరుపు ఉండేది సరిగ్గా ఆ మెట్ల దగ్గర. ఎప్పటి నుంచి ఇలా ఉందో చెప్పలేమన్నారు. అంటే, బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ స్టీరియో పలచనగా ఉందని నేను అందరికీ చెప్పిన ఏళ్ళలో కొన్నిటికి నా చెవి కూడా బాధ్యత పడాలి. బర్డ్స్ రీమిక్స్‌లు తెరలు తొలగించినట్టున్నాయన్న మాట 2002 నాటి చెవితో అన్నది. ఇప్పుడు విని అదే మాట ప్రమాణం చేసి చెప్పలేను. అందుకే ఈ సమీక్షను ఒక చెవి మనిషి రాసినదిగా చదవాలని కోరుతున్నాను.

అయితే మోనో మీద నా ఇష్టం చెవి లోపానికి చేసిన సర్దుబాటు మాత్రమేనా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. కాదనే అనుకుంటున్నాను, రెండు కారణాల వల్ల. మొదటిది, బర్డ్స్ పాటల మోనో. 1996 డిస్కుల్లో ఆల్బమ్ పాటలు స్టీరియోలోనే ఉన్నాయి. వాళ్ళ తొలి సింగిల్స్‌ను మోనోలోనే కూర్చి 1980లో వేసిన ఎల్పీ ఒకటి హైదరాబాదులో ఒక మిత్రుడి దగ్గర విన్నాను. ‘మిస్టర్ టాంబురీన్ మ్యాన్’ అందులో గోడలా నిలబడింది. ఆ పాటలో బ్యాండ్ సభ్యుల్లో వాయించింది మెగ్విన్ ఒక్కడే, తక్కిన వాయిద్యాలు హాల్ బ్లెయిన్ వంటి స్టూడియో కళాకారులవి. మోనోలో ఆ తేడా ఎక్కడా పట్టివ్వదు. అద్భుతమే. కానీ నా మనసులో బర్డ్స్ స్టీరియో స్థానాన్ని అది తీసుకోలేదు. ఆ గొంతులు విడిగా, ఎడంగా వినడంలో ఉన్న ఆనందం వేరు, సగం చెవితోనైనా. బర్డ్స్ రెండు రకాలుగానూ బతికే బ్యాండ్. బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ తొలి ఆల్బమ్ మోనోలోనే బతికింది. చెవి లోపమే కారణమైతే రెండూ ఒకేలా మారి ఉండాలి.

రెండోది, అదే బ్యాండ్ రెండో ఆల్బమ్. 2018లో వచ్చిన ఐదు డిస్కుల పెట్టెలో మొదటి రెండు ఆల్బమ్‌లూ మోనో, స్టీరియో రెండిట్లోనూ, మూడోది స్టీరియోలో ఉన్నాయి. నీల్ యంగ్ పర్యవేక్షణలో పాత టేపుల నుంచి క్రిస్ బెల్‌మన్ మాస్టర్ చేసినవి. ఆ పెట్టె నా దగ్గర లేదు, అదే మిత్రుడి ఇంట్లో రెండో ఆల్బమ్ వరకు రెండు సాయంత్రాలు విన్నాను. ‘మిస్టర్ సోల్’ మోనోలో బాగుంది. ‘ఎక్స్‌పెక్టింగ్ టు ఫ్లై’, ‘బ్రోకెన్ యారో’ మాత్రం మోనోలో ఊపిరాడక ఇబ్బంది పడ్డాయి. ‘బ్రోకెన్ యారో’లా జనం కేకలతో మొదలై గుండె చప్పుడుతో ముగిసే పాటకు విశాలమైన చోటు కావాలి. కాబట్టి మోనో అంటే చాలు మేలనే మాట నేననను. ఎవరి చేతుల మీద, ఏ పాట కోసం చేశారన్నది ముఖ్యం. అంతకు ముందు 2001లో వచ్చిన నాలుగు డిస్కుల పెట్టె మీద నాకు ఆశ ఉండేది. మూడో ఆల్బమ్ అందులో పూర్తిగా లేదు, 1973 నాటి డబుల్ ఎల్పీలో వచ్చిన ‘బ్లూబర్డ్’ పొడవు రూపం కూడా లేదు. విడుదల కాని పాటల కోసం తప్ప దాన్ని కొనమని చెప్పలేను.

ఏది కొనాలని అడిగితే నా జవాబు ఇప్పుడు ఒక్క మాటలో రాదు. రెండు చెవులూ బాగుండి, మంచి హెడ్‌ఫోన్లున్న కుర్రవాళ్ళకు 1996 బర్డ్స్ డిస్కులు, ముఖ్యంగా ‘ఫిఫ్త్ డైమెన్షన్’, ‘యంగర్ దాన్ యెస్టర్‌డే’, నాకిచ్చే ఆనందం కంటే ఎక్కువే ఇస్తాయి. హెడ్‌ఫోన్లలో బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ తొలి ఆల్బమ్ స్టీరియో వినేవాళ్ళు మాత్రం దాన్ని బట్టి ఆ బ్యాండ్‌ను తూచవద్దు. ఒకే స్పీకరుతో, వంటగదిలోనో, పక్కన పడుకున్నవాళ్ళున్న గదిలోనో వినేవాళ్ళకైతే 1997 నాటి ఆ ఒక్క డిస్కు చాలు, అదీ మొదటి పాట నుంచి. వాడిన డిస్కు దొరికినా ఫర్వాలేదు. నాది 2002లోనే రెండు గీతలతో దొరికింది, ఇవాళ్టికీ ఎక్కడా ఆగలేదు.

పోయిన ఏడాది పెద్దాయన దగ్గరికి ఇంకోసారి వెళ్ళాను. యాంప్లిఫయర్ వెనుక చిన్న స్విచ్ ఒకటి బిగించి, రెండు రెసిస్టర్లతో రెండు ఛానెళ్ళనూ కలిపే ఏర్పాటు చేసి పెట్టాడు. స్విచ్ వేస్తే ఏ స్టీరియో డిస్కైనా రెండు పక్కలూ ఒకటై వస్తుంది, నా మంచి చెవికి ఏదీ తప్పిపోదు. కానీ ఇది అసలు మోనో మిక్స్‌కు సాటి రాదు. ఇలా కలిపినప్పుడు మధ్యలో ఉన్న గొంతులు పైకి లేస్తాయి, పక్కలకు నెట్టిన వాయిద్యాలు వెనక్కి పోతాయి; 1966లో స్టిల్స్, యంగ్ దగ్గరుండి తూచిన తూకం ఏ స్విచ్ వల్లా రాదు. బర్డ్స్‌కు ఆ స్విచ్ వేయను, కుర్చీని కాస్త కుడికి జరిపి, ఎడమ చెవిని ముందుకు పెట్టి వింటాను. దాన్ని వాడేది ఒకే ఒక్క పాటకు. బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ డిస్కు మోనో భాగం ముగిసి ‘ఫర్ వాట్ ఇట్స్ వర్త్’ మొదలయ్యే ముందు లేచి వెళ్ళి స్విచ్ వేసి వస్తాను. యంగ్ గిటారులోని ఆ రెండు స్వరాలూ అప్పుడు నాకు పూర్తిగా వినిపిస్తాయి.